ఘాజీని ముంచింది కుర్సురాయేనా? విశాఖ జ్ఞాపకంలో ముడి ఎక్కడ పడింది

డిసెంబరు 4, నేవీ డే దగ్గర పడితే చాలు, విశాఖలో ఈ పేచీ మళ్లీ లేస్తుంది. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ముందు నిలబడి ఎవరో ఒకరు రీల్ చేస్తారు. ‘పాకిస్థాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచేసిన సబ్‌మెరైన్ ఇదే’ అంటారు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులు రెండు జట్లవుతాయి. కాదని చెప్పేవాళ్లు కాగితాలు చూపిస్తారు. ఔననేవాళ్లు ఒకటే మాట అంటారు: ‘ఏటి గురూ, చిన్నప్పట్నుంచీ ఇదే కదా వింటున్నాం!’

1971 యుద్ధం గురించి, మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుకుతూ ఘాజీ ఇటు రావడం గురించి విశాఖవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇవాళ్టి తగువుకి కావాల్సింది రెండే ముక్కలు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక రేవు బయట ఘాజీ మునిగింది. మన నేవీ లెక్క ప్రకారం దాన్ని ముంచింది ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్. అది సబ్‌మెరైన్ కాదు, రెండో ప్రపంచ యుద్ధం నాటి డెస్ట్రాయర్, అంటే నీళ్ల మీద తిరిగే యుద్ధనౌక. నీళ్లలోకి డెప్త్ చార్జీలు, అంటే లోతుకి వెళ్లి పేలే బాంబులు, జారవిడిచి పేల్చిందంటారు. కుర్సురా ఆ యుద్ధంలో పనిచేసిన మాట నిజమే, కానీ అటు పడమట, అరేబియా సముద్రంలో. ఇంకో విషయం. నేవీ డే జరిపేది కూడా ఘాజీ కోసం కాదు, మన మిసైల్ బోట్లు కరాచీ మీద చేసిన దాడికి గుర్తుగా. ఈ సంగతి చెబితే ఊళ్లో చాలామంది ఒక్క క్షణం ఆగిపోతారు.

మరి ఇంత పెద్ద ఊరికి ఇంత గట్టిగా తప్పు ఎలా గుర్తుంది?

అందరూ ముందు వేలు చూపించేది 2017లో వచ్చిన ఘాజీ సినిమా వైపు. అందులో ఘాజీని ఎదుర్కొన్నది ఎస్21 అనే భారత సబ్‌మెరైన్. నిజంగా ఎస్21 నంబరున్నది ఐఎన్‌ఎస్ కరంజ్. మన బీచ్‌లో ఉన్న కుర్సురా నంబరు ఎస్20. ఒక్క అంకె తేడా. సినిమా చూసి థియేటర్ నుంచి బయటికొచ్చినవాడికి కళ్లెదురుగా ఒక సబ్‌మెరైన్ ఉంటే రెండూ ఒకటైపోవడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అసలు నేరం సినిమాదే అంటే ఒప్పుకోబుద్ధి కాదు. సినిమా రాకముందే ఈ మాట విన్నామనేవాళ్లు ఊరినిండా ఉన్నారు. వాళ్లందరూ గాలి మాటలు చెబుతున్నారని తీసిపారేయలేం.

మలుపు 2002లో ఉంది. అంతకు ముందు ఏడాది సర్వీసు నుంచి తప్పుకున్న కుర్సురాని ఒడ్డుకి లాగి, ఇసుక మీద నిలబెట్టి, మ్యూజియం చేసి జనానికి తెరిచిన ఏడాది అది. 91 మీటర్ల పొడవున్న వస్తువు, రోజూ వాకింగ్‌కి వెళ్లే దారిలో. మరి ఘాజీని ముంచిన పేరున్న రాజ్‌పుత్? దాన్ని 1976లోనే నేవీ పక్కన పెట్టేసింది. చూద్దామంటే ఓడ లేదు. ఘాజీ నీళ్లడుగున ఉంది. కథ మిగిలింది, కథలోని రెండు ఓడలూ కనబడవు. కనబడేది మూడోది. జనం నోట్లో ఉన్న కథ వెళ్లి దానికి అతుక్కుంది.

అతుక్కోవడం ఎలా ఉంటుందో కుర్సురా లోపల అరగంట తిరిగితే చాలు, తెలిసిపోతుంది. వంగి దూరాల్సిన గుండ్రటి గుమ్మాలు, ఒళ్లు తిప్పుకోడానికి చోటులేని బంకులు, టార్పెడో గొట్టాలు. అక్కడికి రాగానే పిల్లాడు అడుగుతాడు, ‘నాన్నా, దీంతోనే కొట్టారా?’ వెనక జనం తోసుకొస్తుంటే తండ్రి ‘ఆ, దీంతోనేరా, నడు’ అంటాడు. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. వివరం చెప్పేంత తీరిక లేదు, అంతే. ఇరవై ఏళ్ల తర్వాత ఆ కుర్రాడికి ఇనుము వాసన గుర్తుంటుంది, గొట్టం గుర్తుంటుంది, ‘దీంతోనే’ అన్న మాట గుర్తుంటుంది. చెప్పింది గైడా, నాన్నా అన్నది మాత్రం గుర్తుండదు. విషయం మిగిలి, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది జారిపోవడం మనసుకి మామూలే. మ్యూజియంలో విన్నదంతా మ్యూజియం చెప్పినట్టే అనిపిస్తుంది.

దీనికి అచ్చంగా సరిపోయే ఉదంతం ఇటలీలో ఉంది. మండేలా బతికుండగానే, ఆయన జైల్లో చనిపోయారని నమ్మినవాళ్ల కథ ఇప్పటికే అందరూ అరగదీసేశారు. బొలోన్యా గడియారం సంగతి మనవాళ్లలో ఎక్కువమంది విని ఉండరు. 1980 ఆగస్టు 2న బొలోన్యా రైల్వే స్టేషన్‌లో బాంబు పేలి 85 మంది చనిపోయారు. స్టేషన్ గోడ మీది గడియారం 10:25 దగ్గర ఆగిపోయింది. తర్వాత దాన్ని బాగుచేశారు. అది మళ్లీ తిరిగింది, ఏళ్ల తరబడి సరైన టైమే చూపించింది. 1996లో మళ్లీ చెడిపోతే, అప్పుడు చనిపోయినవాళ్ల గుర్తుగా 10:25 దగ్గరే శాశ్వతంగా ఉంచేశారు.

స్టెఫానియా దె వీతో, ఇంకా ఇద్దరు పరిశోధకులు ఆ ఊరివాళ్లని ఈ గడియారం గురించి అడిగారు. వాళ్ల పరిశోధన 2009లో అచ్చయింది. గడియారం ఆగి ఉందని తెలిసిన 173 మందిలో 160 మంది, అంటే 92 శాతం, అది పేలుడు నాటి నుంచీ ఆగే ఉందన్నారు. వాళ్లలో 127 మంది ‘ఎప్పుడు చూసినా 10:25 దగ్గరే ఉండేది, మా కళ్లతో చూశాం’ అన్నారు. ఆ 127 మందిలో రైల్వే ఉద్యోగులు 21 మంది. అడిగిన రైల్వేవాళ్లంతా అంతే, ఒక్కరూ మినహాయింపు లేదు. ఆ గడియారం చూసుకుంటూ డ్యూటీ చేసినవాళ్లు! ఏటా సంస్మరణ సభకి వెళ్లేవాళ్లలో 56 మందిని అడిగితే, అది మధ్యలో తిరిగిందని చెప్పగలిగినవాళ్లు ఆరుగురు.

మన పేచీలో ‘మాది బీచ్ రోడ్డు, మాకు తెలీదా’ అనేవాళ్ల వాదన ఇక్కడే నీరుగారిపోతుంది. దగ్గరగా ఉండటం, రోజూ చూడటం జ్ఞాపకానికి గ్యారంటీ ఇవ్వవు. పైగా గుర్తుగా పెట్టిన వస్తువు తన వెనకున్న ఏళ్లని కూడా సవరించేస్తుంది. ఆగిన గడియారం, తిరిగిన ఏళ్లని మింగేసింది. ఒడ్డుకొచ్చిన సబ్‌మెరైన్, రాజ్‌పుత్‌ని మింగేసింది.

సినిమా మీద కోపంగా ఉన్నవాళ్లకి ఇంకో మాట. 1992 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కార్గో విమానం అపార్ట్‌మెంట్ల మీద కూలింది. కూలుతుండగా ఎవరూ వీడియో తీయలేదు. తర్వాత పరిశోధకులు ‘విమానం బిల్డింగ్‌ని గుద్దడం టీవీలో చూశారా?’ అని అడిగితే 55 శాతం మంది చూశామన్నారు. సినిమా లేకపోయినా మనసు తన రీలు తానే తీసుకోగలదు. మనిషి కథని తనకి తెలిసిన అచ్చులో పోసుకుంటాడని కేంబ్రిడ్జిలో మనస్తత్వ శాస్త్రవేత్త బార్ట్‌లెట్ 1932లోనే చూపించారు. ఆయన చదివించిన రెడ్ ఇండియన్ జానపద కథని తిరిగి చెప్పమంటే ఇంగ్లిష్ విద్యార్థుల నోట్లో సీళ్ల వేట కాస్తా చేపల వేటగా మారిపోయింది. సబ్‌మెరైన్‌ని సబ్‌మెరైనే కొట్టాలన్నది కూడా అలాంటి అచ్చే. పాత డెస్ట్రాయర్ వచ్చి నీళ్లలోకి డెప్త్ చార్జీలు వదిలి వెళ్లిందంటే కథలో పస లేదు.

‘ఇంతమందికి ఒకేలా గుర్తుంటే నిజం కాకుండా ఎలా పోతుంది, నేవీయే ఏదో దాస్తోంది’ అన్న వాదన కూడా ఈమధ్య వినిపిస్తోంది. 2022లో షికాగో యూనివర్సిటీవాళ్లు ప్రపంచానికంతటికీ తెలిసిన 40 బొమ్మలు తీసుకుని పరీక్షించారు. వాటిలో ఏడింటి విషయంలో జనం తప్పు చేయడమే కాదు, ఎక్కువమంది ఒకే తప్పు చేశారు. కార్టూన్ బొమ్మ పికాచు తోక చివర, నిజానికి లేని నలుపు ఉందని చెప్పినవాళ్లు ఒకరితో ఒకరు కూడబలుక్కోలేదు. ఒకే తప్పు అందరికీ తట్టినంత మాత్రాన దాని వెనక ఏదో రహస్యం ఉన్నట్టు కాదు.

ఈసారి గొడవ ఒక కొత్త డిమాండ్ దగ్గరికి చేరింది: కుర్సురా ముందే పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి, ఘాజీకీ దీనికీ సంబంధం లేదని రాయండి. మంచిదే. కానీ ఆ బోర్డు మీద రెండో వాక్యం ఏం రాస్తారు? ముంచింది రాజ్‌పుత్ అని మన నేవీ అంటుంది. లోపలి పేలుడు వల్లో, తను పెట్టిన మందుపాతర వల్లో ఘాజీ తనంతట తానే మునిగిందని పాకిస్థాన్ అంటుంది. అందులో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. కుర్సురా పేరు కొట్టేయడం తేలిక. దాని స్థానంలో ఏ పేరు రాసినా వచ్చే డిసెంబరుకి పేచీ అక్కడి నుంచి మొదలవుతుంది.