పూల మధ్యలోకి దిగితేనే ఫొటో నిండుగా వస్తుందా? అపోహలు - వాస్తవాలు

ఏటా నవంబరులో అరకు లోయలో వలిసె పూలు విచ్చుకోగానే నాకు వచ్చే ఫోన్లలో ప్రశ్న దాదాపు ఒక్కటే ఉంటుంది: "కంటికి లోయంతా పసుపు ఆరబోసినట్టు కనిపించిందండీ, ఫొటోలో మాత్రం ఆకుల మధ్య పసుపు చుక్కలే మిగిలాయి, ఏ లెన్స్ కొనమంటారు?" మొన్న ఒక విద్యార్థి ఇదే బెంగతో అప్పు చేసైనా అల్ట్రా వైడ్ లెన్స్ (చాలా విశాలమైన దృశ్యాన్ని ఒకే ఫ్రేమ్‌లో పట్టేది) కొనడానికి సిద్ధపడ్డాడు. అతనికి చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

అపోహ: చేను నడుమకు వెళ్లి, వీలైనంత వైడ్ లెన్స్‌తో తీస్తేనే పూలు నిండుగా కనిపిస్తాయి.

వాస్తవం: పూల నిండుదనం కెమెరాను ఏ ఎత్తులో పట్టుకున్నామన్న దాన్ని బట్టి వస్తుంది. నిలబడి కంటి ఎత్తు నుంచి కిందికి చూస్తూ తీసినప్పుడు మొక్కకూ మొక్కకూ మధ్యనున్న ఆకులు, కాడలు, మట్టి అన్నీ బయటపడతాయి. అదే కెమెరాను పూల తలలకు జానెడు ఎత్తు వరకు దించితే ముందు వరస పూలు తమ వెనకనున్న ఖాళీలను కప్పేస్తాయి, వాటి వెనక వరస మరికొన్నింటిని కప్పుతుంది, అలా పలచటి చేను కూడా చిక్కగా కనిపిస్తుంది. ఇందుకు చేలో అడుగు పెట్టనవసరం లేదు, గట్టు మీద మోకాళ్లపై కూర్చుంటే చాలు, చేతిలో ఫోన్ ఉన్నా సరిపోతుంది.

16 మి.మీ. వైడ్ లెన్స్‌తో చేను నడుమ నిలబడితే జరిగేది మనం అనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం. మొదటి పువ్వు లెన్స్‌కు అర మీటరు లోపల ఉంటే తప్ప ఫ్రేమ్‌లో ముందుభాగం బోసిగా మిగిలిపోతుంది, వెనకనున్న కొండలు మట్టిదిబ్బల్లా కుంచించుకుపోతాయి, మనం తొక్కుకుంటూ వచ్చిన దారి నల్లటి చారలా పడుతుంది. ఘాట్ రోడ్డు మలుపు లాంటి ఎత్తైన చోట నిలబడి దూరాన్ని దగ్గరగా చూపే 100 నుంచి 200 మి.మీ. జూమ్ మధ్య తీసి చూడండి. దూరం నుంచి తీయడం వల్ల చేను, దాని వెనక చెట్లు, ఆపైన కొండ ఒకదానికొకటి దగ్గరగా జరిగినట్టు కనిపిస్తాయి, పసుపు ఒకే పట్టీగా కుదురుకుంటుంది.

ఈ అపోహకు అసలు మూల్యం చెల్లించేది ఫొటోలు తీసేవాళ్లు కాదు. వలిసె తనంతట తాను మొలిచిన అడవిపువ్వు అని చాలామంది నమ్ముతారు, అది గిరిజన రైతులు వేసుకునే నూనెగింజల పంట. మొదటిసారి వెళ్లినప్పుడు నేను కూడా ట్రైపాడ్ పట్టుకుని చేలోకి నడిచాను. గట్టు మీద నుంచి చూస్తున్న ఒక పెద్దావిడ, "బాబూ, విరిగిన కొమ్మకు గింజ పట్టదు, ఇటు రా" అని పిలిచి, తాను కూర్చున్న చోటు చూపించింది. సిగ్గుతో వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను, ఆ ఎత్తు నుంచి మొట్టమొదటిసారి నాకు పూలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపించాయి. ఆ రోజు అక్కడ తీసిన ఫొటో ఇప్పటికీ మా ఇంటి గోడ మీద ఉంది.

నిజమైన అడవిపూలు చూడాలంటే మహారాష్ట్రలోని సాతారా దగ్గరున్న కాస్ పీఠభూమికి వెళ్లాలి, అక్కడ ఆగస్టు నుంచి అక్టోబరు వరకు పూలు ఉంటాయి. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పడమటి కనుమల ప్రదేశాల్లో అది కూడా ఉంది. అక్కడ రాతి మీద మట్టి పలచటి పొరగానే ఉంటుంది, మొక్కలు చాలావరకు చీలమండ ఎత్తు దాటవు, కాబట్టి ఒక్క అడుగు వేసినా నష్టం ఎక్కువ. దారి వదలకుండా కెమెరాను నేలకు ఆనించి తీయడమే అక్కడ సరైన పద్ధతి.

మిగతా అపోహల మీద ఎక్కువ సమయం పెట్టను. అంతా స్పష్టంగా రావాలంటే ఎఫ్ 22 పెట్టాలనడం పుకారే (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది), అంత చిన్న రంధ్రంలో డిఫ్రాక్షన్ వల్ల, అంటే కాంతి వంగి చెదరడం వల్ల పదును తగ్గుతుంది, పైగా వెలుగు తక్కువై షట్టర్ నెమ్మదించి గాలికి పూలు అలికినట్టు వస్తాయి. ఎఫ్ 11 దగ్గర ఆగి, ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ ఫొటో వెలుగ్గా వచ్చేలా చేసే సెట్టింగ్) పెంచి, షట్టర్‌ను సెకనులో 250వ వంతు కంటే వేగంగా ఉంచండి. ఎండ లేకపోతే రంగు రాదన్నది కూడా నిజం కాదు, మబ్బు పట్టిన రోజున రేకుల రంగు మరింత నిండుగా వస్తుంది. విచ్చుకున్న పొద్దుతిరుగుడు పువ్వు సూర్యుడి వెంట తిరగదు, తూర్పు ముఖంగానే నిలిచిపోతుంది, కనుక పొలానికి తూర్పు వైపు నిలబడితేనే పూల ముఖాలు దొరుకుతాయి.

పసుపు పూల విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగును ఎడమ చీకటి నుంచి కుడి వెలుగు వరకు చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు చూపిస్తున్నా ఎరుపు ఛానెల్, అంటే ఫొటోలోని ఎరుపు రంగు పాలు, అప్పటికే హద్దు దాటి, రేకుల మీది గీతలన్నీ చెరిగిపోయి ఉండవచ్చు. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరిచి, ఎరుపు కుడి అంచును తాకుతుంటే ఎక్స్‌పోజర్‌ను మూడింట రెండు వంతుల స్టాప్ (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించి మళ్లీ తీయండి.