40 కిలోల గాలి, 10 టన్నుల గోడలు

డిసెంబరు రెండో వారం వచ్చేసరికి భీమవరం, తణుకు, కాకినాడ, అమలాపురం ఫ్లాట్లలో ఒక చర్చ మొదలవుతుంది: రూమ్ హీటర్ కొనాలా, అక్కర్లేదా? నెలన్నర చలికి ఇంత ఖర్చెందుకని ఒకరంటే, తెల్లవారేసరికి మామ్మగారి కాళ్లు చల్లబడిపోతున్నాయని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. డెల్టాలో చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రత చాలా రాత్రులు 17, 18 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. ఉత్తరాది వాళ్లకు ఇది చలి కిందే లెక్క కాదు. కానీ మన ఇళ్లు, మన ఒళ్లు, మన పక్కబట్టలు అన్నీ ఎండకు అలవాటు పడ్డవి. ఈ చలిని తక్కువ ఖర్చుతో గట్టెక్కాలంటే వేడి ఎటు పోతోందో ముందు తెలియాలి. అది తెలిస్తే చాలా ఇళ్లలో హీటర్ అవసరమే రాదని నా గట్టి అభిప్రాయం.

ఒక పడక గదిని తీసుకుని లెక్క వేద్దాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. అందులో పట్టే గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. దాని బరువు 40 కిలోల పైచిలుకు. ఆ గాలిని 20 డిగ్రీల నుంచి 24 డిగ్రీలకు తేవడానికి యూనిట్‌లో ఇరవయ్యో వంతు కరెంటు కూడా పట్టదు. 1000 వాట్ల హీటర్ మూడు నిమిషాల్లో ఆ పని చేసేయాలి. మరి గంటసేపు వేసినా గది వెచ్చబడదెందుకు? ఆపిన పది నిమిషాలకే మళ్లీ చలి ఎందుకు మొదలవుతుంది?

కారణం గోడలు. ఇటుక గోడల్లో, పైకప్పు శ్లాబులో, కింది శ్లాబులో మన గది వైపున్న భాగాన్ని మాత్రమే లెక్కగట్టినా బరువు 10 టన్నుల దాకా తేలుతుంది. ఇటుకకూ కాంక్రీటుకూ కిలోకు ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 0.85 కిలోజౌళ్లు కావాలి. ఆ 10 టన్నులనూ నాలుగు డిగ్రీలు పెంచాలంటే దాదాపు 10 యూనిట్లు ఖర్చవుతాయి, అది కూడా బయటికి రవ్వంత వేడి పోలేదనుకుంటే. తొలకరి చినుకులను బీడు నేల మింగినట్టు హీటర్ వేడినంతా గోడలు మింగేస్తాయి. మే నెలలో అర్ధరాత్రి దాటినా ఫ్యాను వేడిగాలే కొట్టడానికి కారణం కూడా ఈ గోడలే. పగలు తాగిన వేడిని అవి రాత్రంతా తీరిగ్గా వదులుతాయి.

కాబట్టి కరెంటుతో గది మొత్తాన్ని వేడి చేయాలనుకోవడం డెల్టాలో దండగమారి పని. గోడలను వెచ్చబరిచే బాధ్యత ఎండకు అప్పగించి, మన ఖర్చును మనిషి చుట్టూ ఉన్న జానెడు మేరకే పరిమితం చేసుకోవాలి.

అసలు 20 డిగ్రీల గదిలో మనకు చలి వేయడమేమిటన్న సందేహం చాలామందికి వస్తుంది. ప్రశాంతంగా కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి బయటికి పోతూ ఉంటుంది. అందులో దాదాపు సగం కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలో చుట్టూ ఉన్న గోడలకు, కప్పుకు, నేలకు చేరుతుంది. గాలి ఎంత వెచ్చగా ఉన్నా, గోడ చల్లగా ఉంటే ఒంటి వేడి అటు పోతూనే ఉంటుంది. భోగిమంట ముందు ముఖం కాలుతూ వీపు వణకడం దీనికి ఎదురు ఉదాహరణ. అక్కడ చుట్టూ గాలి చల్లగానే ఉన్నా, మంట వైపున్న ఒళ్లు వెచ్చబడుతుంది.

అలవాటు సంగతి కూడా చిన్నదేమీ కాదు. అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మన దేశపు కార్యాలయాల్లో పనిచేసేవారిని అడిగి తెలుసుకుని ఒక నమూనా తయారు చేశారు. కిటికీలు, ఫ్యాన్లతో నడిచే భవనాల్లో మనిషికి హాయినిచ్చే ఉష్ణోగ్రత, బయట కొద్ది వారాలుగా ఉన్న సగటును బట్టి మారుతుందన్నది దాని సారం. బయటి సగటు 23 డిగ్రీలైతే లోపల 25 చుట్టుపక్కల ఉంటే ఒంటికి సరిపోతుంది. అలాంటప్పుడు తెల్లవారుజామున గది 20కి దిగితే చలి వేయడం సహజం. చలికి వణికే పెద్దవాళ్లను చూసి ఇదేం చలి అనడం న్యాయం కాదు.

పైసా ఖర్చు లేని మొదటి పని ఫ్యాను ఆపడం. వినడానికి ఇంత తేలికైన మాట డెల్టాలో అమలు కావడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు తెలుసు. జనవరిలో కూడా మనం ఫ్యాను వేసుకునేది చల్లదనం కోసం కాదు, దోమల కోసం. సెకనుకు ఒక మీటరు వేగంతో వీచే గాలి ఒంటికి రెండు మూడు డిగ్రీల చల్లదనం తెస్తుంది. అంటే రాత్రంతా ఫ్యాను కింద పడుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని, హీటర్ కొనాలా అని ఆలోచిస్తున్నాం. దోమతెర కట్టుకుంటే ఈ చిక్కు విడిపోతుంది. ఫ్యాను ఆపవచ్చు. తెర లోపల గాలి కదలిక తగ్గి, ఒంటి వెచ్చదనం కాస్త నిలుస్తుంది. నిద్రలో ఉన్న మనిషి కూడా 70, 80 వాట్ల వేడి ఇస్తాడు కాబట్టి నలుగురు పడుకున్న గదిలో 300 వాట్ల హీటర్ వెలిగినట్టే. అయితే నలుగురి ఊపిరి, చెమట కలిసి తెల్లవారేసరికి లీటరుకు పైగా నీటి ఆవిరి గదిలో చేరుతుంది. బీరువా వెనక గోడకు బూజు పట్టేది దీనివల్లే. పైనున్న వెంటిలేటర్ మాత్రం తెరిచే ఉంచాలి.

రెండోది ఎండ. దీని విషయంలో ప్రకృతి మన పక్షానే ఉంది. డెల్టా ఉన్నది సుమారు 16.5 నుంచి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తులో మాత్రమే ఉంటాడు. జూన్ 21న నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. అంటే దక్షిణపు కిటికీకి సన్‌షేడ్ ఉంటే వేసవి మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు, చలికాలపు ఎండ వాలుగా గదిలోకి దిగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు మధ్యాహ్నం ఆ కిటికీ చదరపు మీటరు మేర 500 వాట్ల చుట్టుపక్కల వేడి పడుతుంది. చిన్న హీటర్‌తో సమానం, బిల్లు లేదు. ఈ ఎండ టైల్స్ మీద, గోడ మీద పడి, ఇందాక చెప్పుకున్న 10 టన్నుల్లోకి చేరుతుంది.

కానీ చాలా ఫ్లాట్లలో ఈ కిటికీకి అడ్డంగా ఏదో ఒకటి ఉంటుంది. నైరుతి మూల బీరువా పెట్టడంలో తప్పేమీ లేదు, దాన్ని ఒక మూర పక్కకు జరిపితే కిటికీ తెరిపిన పడుతుంది. పగటిపూట పరదా పక్కకు లాగడం, దోమల జాలీకి పట్టిన దుమ్ము దులపడం కూడా లెక్కలోకి వస్తాయి. ఉదయం 9 దాటాక తెరిచిన కిటికీని సాయంత్రం 4, 5 గంటల మధ్య, బయటి గాలి లోపలి కన్నా చల్లబడక ముందే మూసేయాలి. దోమల పుణ్యమా అని డెల్టాలో ఈ అలవాటు ఎలాగూ ఉంది. పై అంతస్తు వాళ్లకు మాత్రం తెల్లవారుజాము చలి కొంచెం ఎక్కువే. శ్లాబు రాత్రంతా ఆకాశం వైపు వేడిని విడుస్తూ ఉంటుంది. మన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆ విడుదల కొంత తగ్గుతుంది. పైగా మంచు కురిసినప్పుడు ఆవిరి నీరుగా మారుతూ గ్రాముకు దాదాపు 2450 జౌళ్ల వేడిని తిరిగి ఇస్తుంది. సముద్రం, కాలువలు, దాళ్వాకు నీరు పెట్టిన చేలు కూడా డెల్టా రాత్రిని మరీ కిందికి పడిపోనివ్వవు. సముద్ర మట్టానికి 1000 మీటర్ల ఎత్తున్న లంబసింగిలో అదే రాత్రి పరిస్థితి వేరు.

ఆ తేమే పక్కబట్టల దగ్గర మనకు శత్రువు. దుప్పటి తనంతట తాను వేడి పుట్టించదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న నిశ్చలమైన గాలే మన వేడిని ఆపుతుంది. కదలని గాలి కన్నా నీరు 20 రెట్లకు పైగా వేగంగా వేడిని దాటిస్తుంది. నూలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వారం రోజులు మడతలో ఉన్న దుప్పటి కప్పుకోగానే చల్లగా తగులుతుంది. మధ్యాహ్నం రెండు గంటలు మేడ మీద ఎండలో వేసి, వేడి తగ్గకముందే మడిచి లోపలికి తెచ్చిన బొంతకు, అలా తేని బొంతకు తేడా చేతికే తెలుస్తుంది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత నిజంగా గొప్ప వస్తువు. ప్రతి పొరకూ మధ్య ఒక గాలి పొర ఉంటుంది. ఖరీదైన ఒక్క మందపు రగ్గు కన్నా రెండు పలచని దుప్పట్లు కలిపి కప్పుకోవడం మేలు అనడానికి కూడా కారణం ఇదే.

ఇక బూరుగు దూది. ఆ పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని గొట్టంలా లోపల డొల్లగా కనిపిస్తుంది. పోగు పరిమాణంలో ఎక్కువ భాగం గాలే. పైన సహజమైన మైనపు పూత ఉండడం వల్ల నీటిని దగ్గరికి రానివ్వదు. తేమ నిండిన డెల్టాకు ఇంతకన్నా తగిన దూది ఏముంది? ఫోమ్ పరుపులు వచ్చాక బూరుగు దూదిని వదిలేశాం, కనీసం ఒక దిండు, ఒక పలచని పరుపు అయినా మిగుల్చుకోవాలి. నేలకు కోనసీమ కొబ్బరి పీచు చాప చాలు. టైలు, చాప రెండూ 23 డిగ్రీల్లోనే ఉన్నా టైలు మాత్రమే జిల్లుమంటుంది. టైలు పాదం నుంచి వేడిని గబగబా లాగుతుంది, పీచు మధ్య గాలి ఆ పని చేయనివ్వదు. మంచం దిగే చోట, వంటగది గట్టు ముందు, పూజ దగ్గర చాప పరిస్తే రోజంతా కాళ్లకు సుఖం.

కాళ్ల గురించి ఇంకో మాట. పాదాలు, చేతులు వెచ్చగా ఉన్నవారికి త్వరగా నిద్ర పడుతుందని స్విట్జర్లాండ్ పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో ప్రకటించారు. పాదాల రక్తనాళాలు విప్పారితే లోపలి వేడి బయటికి వచ్చి, ఒళ్లు నిద్రకు సిద్ధమవుతుంది. రెండు లీటర్ల వేడినీళ్లు పట్టే రబ్బరు సంచిని పడుకునే ముందు దుప్పటి కింద కాళ్ల దగ్గర పెడితే, 70 డిగ్రీల నుంచి 35కి దిగేలోపు అది ఇచ్చే వేడి యూనిట్‌లో పదో వంతు కన్నా తక్కువ. అంత స్వల్పమైన ఖర్చుతో అర్ధరాత్రి దాకా వెచ్చగా గడుస్తుంది. సంచికి మందపాటి గుడ్డ చుట్టాలి. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారికి కాలుతున్న సంగతి తెలియదు, వాళ్లు పడుకునేలోపు దాన్ని తీసేయాలి.

కుంపటి విషయం చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. బాలింత మంచం కింద కుంపటి పెట్టడం, బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడం మన ఇళ్లలో తరతరాల ఆచారం. తాటాకు ఇంట్లో, పెంకుటింట్లో అది చెల్లింది, ఎందుకంటే కప్పు సందుల్లోంచి గాలి నిరంతరం మారుతూ ఉండేది. ఇప్పటి ఫ్లాటులో అల్యూమినియం కిటికీలు మూసి, తలుపు కింద గుడ్డ కుక్కి అదే కుంపటి పెడితే ప్రాణాలకే ముప్పు. ఎర్రగా కణకణలాడే బొగ్గుకు పొగ ఉండదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, ఆపైన స్పృహ తప్పడం. నిద్రలో ఉన్నవారికి మొదటి మూడూ తెలియనే తెలియవు. గదిలో గిన్నెడు నీళ్లు పెడితే దోషం పోతుందన్న నమ్మకానికి ఆధారం లేదు, ఈ వాయువు నీటిలో దాదాపు కరగదు. మూసిన గదిలో బొగ్గు, ఊక, పిడక ఏదీ వెలిగించవద్దు. దయచేసి ఈ ఒక్క మాట బాలింత ఉన్న ప్రతి ఇంట్లో చెప్పండి.

గ్యాస్ పొయ్యి వెలిగించి ఇల్లు వెచ్చబరచడం కూడా ఇలాంటిదే. కిలో గ్యాసు మండితే ఒకటిన్నర కిలోల నీటి ఆవిరి పుడుతుంది, పక్కబట్టలు ఇంకా చెమ్మగిల్లుతాయి. కొవ్వొత్తి మీద మట్టి కుండ బోర్లిస్తే గది వెచ్చబడుతుందన్న ప్రచారంలో పస లేదు. కొవ్వొత్తి ఇచ్చేదే 80 వాట్లు, కుండ దాన్ని పెంచలేదు.

హీటర్ కొనక తప్పదనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1000 వాట్లు తీసుకునే ఏ హీటరైనా 1000 వాట్ల వేడే ఇస్తుంది, ఖరీదు పెరిగినంత మాత్రాన వేడి పెరగదు. మన అవసరానికి ఎర్రగా వెలిగే రాడ్ల రకం మేలు, కిరణాలు గాలితో పని లేకుండా నేరుగా ఒంటిని తాకుతాయి. 2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని టీవీ ప్లగ్గులోనో ఎక్స్‌టెన్షన్ బోర్డులోనో పెడితే వైరు కాలుతుంది, గీజరుకు వాడేలాంటి 16 ఆంపియర్ల ప్లగ్గే వాడాలి. దోమతెరకు, పరదాకు మీటరు దూరం తప్పనిసరి. ఎలాగూ ఏసీ కొనబోతున్నవారు వేడి కూడా ఇచ్చే రకాన్ని అడగవచ్చు. అది బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది కాబట్టి మన చలిలో ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి రాబడుతుంది.

హీటర్ నిజంగా అవసరమయ్యేది పెద్దవాళ్లకూ పసిపిల్లలకూ. వయసు పెరిగేకొద్దీ చలి తెలియడం, వణుకు పుట్టడం రెండూ మందగిస్తాయి. 13 దేశాల మరణాల వివరాలను పరిశీలించి 2015లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనంలో, వేడి కన్నా చలి వల్ల పోయిన ప్రాణాలే ఎక్కువని, అందులోనూ అధిక భాగం ఓ మోస్తరు చలికేనని తేలింది. చలి దేశాల ఇళ్లలో కనీసం 18 డిగ్రీలుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. మన ఫ్లాట్లు సాధారణంగా అంతకన్నా కిందికి దిగవు, కానీ పై అంతస్తులో ఉత్తరపు గది దిగవచ్చు. పెద్దవాళ్ల మంచం దగ్గర ఒక చిన్న థర్మామీటర్ తగిలించి, తెల్లవారుజామున 5 గంటలకు ఎంత ఉందో వారం రోజులు చూడండి. 20కి పైనే ఉంటే దోమతెర, ఎండలో వేసిన బొంత, వేడినీళ్ల సంచి సరిపోతాయి. 18 దగ్గర తచ్చాడుతుంటే, వాళ్లు నిద్ర లేచే వేళకు ఓ అరగంట ముందు హీటర్ వేసి, స్నానాన్ని ఎండెక్కాకకు మార్చాలి. తెల్లవారుజామంటే చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరిగే వేళ. కార్తిక, ధనుర్మాస స్నానాలు మానుకోలేని పెద్దలుంటే గోరువెచ్చని నీళ్లు పెట్టి, జుట్టు తడి వెంటనే తుడిపించాలి. తలలో మిగిలిన 100 మిల్లీలీటర్ల నీరు ఆరిపోవడానికి 240 కిలోజౌళ్ల వేడి కావాలి. అందులో కొంత గాలి నుంచి వచ్చినా, మిగతాది ఆ పెద్ద ప్రాణం నుంచే పోతుంది.