చిగురు దగ్గర ఆకుపచ్చ పెన్సిల్‌కు పనిలేదు

ఉగాదికి రెండు వారాల ముందు నుంచీ పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని మా వీధిలో నిలబడుతున్నాను. నా బొమ్మలు అంతంతమాత్రమే. అయినా గీయడం మొదలుపెడితేగానీ చెట్టును సరిగ్గా చూడం.

ముందు మామిడి. అలవాటుగా ఆకుపచ్చ పెన్సిల్ తీశాను. కొమ్మ చివర చూస్తే అంతా రాగి చెంబు రంగు! పైగా లేతాకులన్నీ తడిబట్టల్లా కిందికి వేలాడుతున్నాయి. వాడిపోయాయేమో అనిపిస్తుంది గానీ, ఈనెలు ఇంకా గట్టిపడలేదంతే. పత్రహరితం కూడా పూర్తిగా తయారవలేదు. ఈ ఎరుపు ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలది. వంకాయ తొక్కకూ నేరేడు పండుకూ రంగు వాటివల్లే. లేత ఆకుకు అవి ఎండ నుంచి గొడుగు పడతాయని కొందరు శాస్త్రజ్ఞులంటారు, ఎరుపు సరిగా కనపడని పురుగుల నుంచి దాస్తాయని మరికొందరు. వేలాడే ఆకు మీద మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పడదు కూడా. మూడు రోజులకోసారి అదే కొమ్మను గీస్తూ పోతే రాగి కాస్తా పసుపై, పసుపు పచ్చబడుతుంది.

కానుగ తీరు వేరు. పాతాకు రాల్చేసి, నూనె రాసినట్టు మెరిసే లేతాకుపచ్చ తొడుక్కుంటుంది. రావిచిగురు గులాబీ ఛాయ. సన్నటి పొడవాటి కాడ వల్ల ఆకు క్షణం కుదురుగా ఉండదు, గీసేవాడికి నరకం.

ఇంతకీ వాన చుక్కలేని ఈ రోజుల్లో చిగురుకు నీళ్లెక్కడివి? ఆకులు రాలిపోతే నీరు ఆవిరయ్యే దారులు మూసుకుపోతాయి. లోతు వేళ్లు తోడిన నీటితో మాను మళ్లీ నిండుతుంది, మొగ్గ పగులుతుంది. తొందరెందుకంటే, వానలతో పాటే పురుగులూ వస్తాయి. తమిళనాడులోని ముదుమలై అడవి గురించి మురళి, సుకుమార్ అనే పరిశోధకులు 1993లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, వానలకు ముందే చిగిర్చిన చెట్ల ఆకులను పురుగులు తక్కువగా తిన్నాయి.

చివరికి వేప. చేటలో కుప్పగా చూసే పువ్వును ఒక్కదాన్ని గోటి మీద పెట్టుకున్నాను. అయిదు తెల్లరేకులు, నడుమ చిన్న గొట్టం, దాని అంచు లోపల పది పుప్పొడి తిత్తులు. తెల్ల కాగితం మీద తెల్లరేకు గీయాలంటే చుట్టూ నీడ దిద్దాలి. దిద్దుతుండగా పక్కింటి పిన్నిగారు చేట తెచ్చి, "ఎలాగూ చెట్టు కిందే ఉన్నావు, పచ్చడికి కాస్త పువ్వు దులిపి పెట్టు నాయనా" అన్నారు. నాలుగో రేకు దగ్గర బొమ్మ ఆగిపోయింది.