పక్క మంచం వైద్యం

తొడ ఎముక విరిగి మా మామ కర్నూలు పెద్దాసుపత్రిలో నెలన్నర ఉన్నాడు. తొడ కండరాలు విరిగిన ముక్కల్ని ఒకదాని మీదికి ఒకటి లాగేస్తాయి కాబట్టి కాలికి తాడు, తాడుకు బరువు కట్టారు. పక్క మంచంలో ఆదోని పెద్దాయన. ఆయనకప్పటికే మూడో వారం.

"ఏం కాదులేప్పా, రెండు దినాలు సలుపుతాది. మూడోనాటికి నిద్ర పడతాది" అన్నాడు. డాక్టరు చెప్పిందీ ఇంచుమించు అదే. మామ నమ్మింది మాత్రం ఆదోనాయన్నే.

ఈ నమ్మకం సంగతేమిటో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ కులిక్ బృందం పరీక్షించి 1996లో ప్రచురించింది. గుండె బైపాస్‌కు వచ్చిన 84 మంది మగవాళ్లలో కొందరిని ఒంటరి గదుల్లో, మిగతావాళ్లను తలా ఒక రోగి పక్కన ఉంచారు. అప్పటికే ఆపరేషన్ అయిన మనిషి పక్కన పడ్డవాళ్లకు టెన్షన్ తక్కువ. ఆపరేషన్ తర్వాత లేచి తిరగడం ఎక్కువ, ఇంటికి పోవడమూ ముందే. ఒంటరి గదివాళ్లే మొత్తంమీద నిదానంగా కోలుకున్నారు. సింగిల్ రూమ్ కోసం పైరవీలు చేసే మనకు ఇది చిన్న చురకే!

రెండో వారానికి ఇద్దరూ పులి-మేక మొదలుపెట్టారు. మందుల అట్టపెట్టె వెనక గీతలు, 3 పులులకు సీసా మూతలు, 15 మేకలకు బుడ్డలు, అంటే వేరుశనక్కాయలు. పులి మేకను దాటినప్పుడల్లా పెద్దాయన ఆ బుడ్డను ఒలిచి నిజంగానే తినేసేవాడు. ఆట మళ్లీ వేద్దామంటే మేకలుండేవి కావు. వార్డంతా నవ్వు.

ఆ నవ్వుకూ లెక్క ఉంది. బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ బృందం కొందరికి కామెడీ వీడియోలు చూపించి, బీపీ పట్టీ లాంటివి చేతికి బిగించి, ఎంతవరకు ఓర్చుకుంటారో చూసింది. కలిసి నవ్వినవాళ్లు నొప్పిని ఎక్కువ తట్టుకున్నారు. 2017లో ఫిన్లాండ్ పరిశోధకులు మెదడు స్కాన్లు తీస్తే, స్నేహితులతో అరగంట నవ్వాక ఎండార్ఫిన్లు విడుదలైన జాడ కనిపించింది. మెదడే తయారుచేసుకునే నొప్పి మందులవి.

అయితే ఈ మందు అందరికీ పడదు. ఎదురు మంచం కుర్రాడికి పక్కటెముకలు విరిగాయి. వాటికి కట్టు కట్టి కదలకుండా ఉంచలేరు, ఊపిరి తీస్తే చాలు కదులుతాయి. పెద్దాయన చెయ్యి బుడ్డ మీదికి పోతే చాలు, దిండు రొమ్ముకు అదుముకుని "తాతా, నీకు దండం పెడతా, ఆ మేకను వదిలెయ్" అనేవాడు.