సబ్‌టైటిల్స్ చదవడం చోకాయ్ (జపనీస్ విని అర్థం చేసుకోవడం) సాధన కాదు: అపోహలు – వాస్తవాలు

జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీ జూలై ఫలితాలు వచ్చిన రోజు ఒక విద్యార్థిని ఫోన్ చేసి, “సెన్సే (గురువుగారూ), మూడేళ్లుగా రోజూ యానిమే (జపనీస్ యానిమేషన్) చూస్తున్నానండీ, అయినా చోకాయ్‌లోనే పోయింది” అని ఏడ్చింది. ఆ పరీక్షలో కింది నుంచి రెండో స్థాయి అయిన ఎన్4లో 180కి 90 వస్తే చాలు, ఆమెకు 104 వచ్చాయి. కానీ చోకాయ్‌లో 60కి కనీసం 19 రావాలన్న నిబంధన దగ్గర 16తో ఆగిపోయింది. కేర్‌గివర్ వీసా కోసం ఆ సర్టిఫికెట్ మీదే ఆశ పెట్టుకున్న కుటుంబం వాళ్లది. ఏటా ఎవరో ఒకరి నోట ఇదే మాట వింటున్నాను.

అపోహ: సబ్‌టైటిల్స్‌తో ఎన్ని గంటలు చూస్తే అంత జపనీస్ చెవికెక్కుతుంది.

వాస్తవం: ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉన్నంతసేపూ పనిచేసేది కన్నే. జపనీస్‌లోనూ మనలాగే క్రియ చివర వస్తుంది. తింటారో తినరో ‘తబెమస్’, ‘తబెమసెన్’ అనే తోక విన్నాకే తేలుతుంది. ఆ తోక రాకముందే అర్థం తెరమీద కనిపిస్తే, చెవి దానికోసం ఎదురుచూడడం మానేస్తుంది. పరీక్షలో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, తెర ఉండదు.

ఎన్4కి పై స్థాయి అయిన ఎన్3 పాసై జపాన్‌లోని ఒసాకా వెళ్లిన తొలి వారంలో నేను కన్వీనియన్స్ స్టోర్‌లో బెంతో (భోజనం డబ్బా) కొన్నాను. కౌంటర్‌లోని అమ్మాయి ‘అతతమెమస్ క’ అని అడిగింది. ‘అతతమెరు’ అంటే వేడిచేయడమని పుస్తకంలో చదువుకున్నదే. కానీ ‘మసు’లోని ఉకారం మాయమై మాటంతా ఒకే ఊపులో వచ్చేసరికి పోల్చుకోలేకపోయాను. ఆమె మైక్రోవేవ్ వైపు చెయ్యి చూపించాకే అర్థమైంది.

అందుకే తరగతిలో ఒక్క నిమిషం వీడియోనే తీసుకుంటాను. మొదట సబ్‌టైటిల్స్ లేకుండా రెండుసార్లు వినాలి. తర్వాత వాక్యం వాక్యానికీ ఆపి, విన్నది విన్నట్టు కాగితంమీద రాయాలి. హిరగానా (జపనీస్ ప్రాథమిక లిపి) ఇంకా చేతికి రానివాళ్లు రోమాజీలో (ఇంగ్లీషు అక్షరాల్లో) కాక తెలుగులో రాయడం మేలు, ఎందుకంటే ‘ఒబసన్’ అత్త లేదా పిన్ని, ‘ఒబాసన్’ బామ్మ, ‘కితె’ వచ్చి, ‘కిత్తె’ తపాలా బిళ్ల అన్న తేడాను మన దీర్ఘమూ మన ఒత్తూ ఉన్నదున్నట్టు పట్టిస్తాయి. ఆ తర్వాతే జపనీస్ సబ్‌టైటిల్స్ పెట్టి తప్పులు దిద్దుకోవాలి, చివరగా మాట వెంటే మాట పలకాలి. ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్‌లో తప్పులు దొర్లుతాయి కనుక, జపాన్ ఫౌండేషన్ వారి ‘ఎరిన్’ వీడియోలతో మొదలుపెట్టమంటాను.

యానిమేలో మాట్లాడినట్టే జపాన్‌లో మాట్లాడతారన్నది మరో అపోహ. ‘ఒరె’ (నేను), ‘ఒమఎ’ (నువ్వు) అనే మోటు మాటలతో ఆఫీసులో పై అధికారితో మాట్లాడితే పరువు పోతుంది. ఇంటర్వ్యూ వీడియోల్లో ఎదుటివారు మాటిమాటికీ ‘హై’ (అవును) అంటుంటే ఒప్పుకున్నట్టు కాదు. అది మనం కథ వింటూ ఊఁ కొట్టడం వంటిది, దాన్ని ‘ఐజుచి’ అంటారు. ‘చొత్తొ...’ (కొంచెం...) అని సాగదీసి ఆపేస్తే చాలాసార్లు కుదరదని అర్థం. ఇలాంటివి సబ్‌టైటిల్స్‌లో సరిగా దిగవు. స్పీడు తగ్గించి వినడం తప్పనేవాళ్ల మాట పట్టించుకోకండి, మొదటి వారాల్లో తగ్గించవచ్చు. ఎన్2 దాకా అసలు జపనీస్ వీడియోలు ముట్టుకోకూడదన్న ప్రచారంలోనూ పస లేదు.

ఆ విద్యార్థిని డిసెంబరు పరీక్షకు మళ్లీ ఫీజు కట్టింది. రోజూ రాత్రి తాను రాసిన పేజీ ఫోటో పంపుతుంది; నిన్నటి పేజీలో కొట్టివేతలు పదకొండు ఉన్నాయి, ‘కిత్తె’ మాత్రం మొదటిసారే ఒత్తుతో పడింది.