సుద్దముక్క చుక్కలు, కారు చక్రం గెంతులు

కడప నుంచి ఒక పాఠకుడు అడిగారు. పాత కాంటెస్సా కారుకు బలమైన ఇంజిన్ వేయించి, వెనుక కాయిల్ స్ప్రింగులు కోయించి, బండిని రెండంగుళాలు కిందికి దించారట. గువ్వలచెరువు ఘాట్ ఎత్తులో ఆగి, మళ్లీ క్లచ్ వదిలి గట్టిగా తొక్కితే వెనుక చక్రాలు దడదడమని గెంతుతున్నాయి. ఒక మెకానిక్ షాక్ అబ్జార్బర్లు మార్చమన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు దిష్టి తీయించమన్నారు. టైరు కింద నిమ్మకాయ తొక్కిస్తే, ఆ తడికి పట్టు తగ్గి గెంతు ఒక్క క్షణం ఆగినా ఆగవచ్చు. అందులో మహిమ ఏమీ లేదు, ఘర్షణ తగ్గడమే ఉంది. ఇసుకలో ఇదే బండి గెంతకుండా చక్రాలు తిప్పుకుంటూ కూర్చుంటుంది. గెంతాలంటే ముందు పట్టు దొరకాలి.

నల్లబల్ల మీద ఒక్క ఊపులో చుక్కల గీత గీసే లెక్కల అయ్యవార్లు మీకు గుర్తుండే ఉంటారు. సుద్దముక్కను వదులుగా పట్టుకుని, మొన ముందుకు ఉండేలా వంచి తోస్తారు. మొన బల్లను పట్టుకుంటుంది, వేళ్లు వంగుతాయి. వంపు ఒక హద్దు దాటగానే మొన ఊడి ఎగురుతుంది, వేళ్లు నిటారవుతాయి, మొన మళ్లీ బల్లకు తగులుతుంది. టకటకమని చుక్కలు పడతాయి. అదే సుద్దను వెనక్కి వాల్చి లాగితే నున్నని గీత వస్తుంది. సుద్దా అదే, బల్లా అదే, మారింది కోణం. డిజిటల్ బోర్డులు వచ్చాక ఈ ప్రయోగం తరగతి నుంచి మాయమై, పుస్తకంలో ఘర్షణ సూత్రం మాత్రం మిగిలింది. పిల్లలకు ఇది నష్టమే.

కారులో సుద్ద మొన టైరు. వేళ్లు ఇరుసును బాడీకి కలిపే ఆర్మ్‌లు, వాటి చివర ఉండే రబ్బరు బుష్‌లు. తొక్కగానే టైరు రోడ్డును పట్టుకుంటుంది, ఇరుసు మెలితిరుగుతుంది, బుష్‌లు నలిగి శక్తిని దాచుకుంటాయి. పట్టు తెగగానే ఆ శక్తి ఒక్కసారిగా విడుదలై చక్రం ఎగురుతుంది. జారుడు వేగం పెరిగేకొద్దీ రబ్బరు పట్టు తగ్గుతుంది కాబట్టి ఘర్షణ ఈ ఊపును అణచకపోగా ప్రతి చుట్టులో ఇంజిన్ శక్తిని దానిలోకి ఎక్కిస్తుంది. సాంకేతికంగా ఇది రుణ అవమందనం. ఎంత వేగంగా గెంతుతుందో లెక్క కట్టవచ్చు. రెండు వెనుక టైర్ల నిలువు గట్టిదనం కలిపి మీటరుకు 4,00,000 న్యూటన్లు, ఇరుసు, చక్రాల బరువు 100 కిలోలు అనుకుందాం. భాగిస్తే 4,000, వర్గమూలం సుమారు 63, దాన్ని 6.28తో భాగిస్తే సెకనుకు 10 గెంతులు. బాడీ స్ప్రింగుల మీద సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లే ఊగుతుంది. అందుకే సీటులో కూర్చున్నవారికి ఇది ఊపులా కాక సుత్తి దెబ్బల్లా తెలుస్తుంది.

మరి కిందికి దించితే ఎందుకు ముదురుతుంది? ఆర్మ్ ముందు కొస బాడీకి, వెనుక కొస ఇరుసుకు ఉంటాయి. మామూలు ఎత్తులో ఆర్మ్ దాదాపు సమంగానో, ముందు కొస కాస్త పైకో ఉంటుంది. బాడీ దిగితే ముందు కొస కూడా దిగిపోతుంది. ఇప్పుడు ఇరుసు ముందుకు తోస్తే, వాలిన ఆర్మ్ ఇరుసును వెనక్కీ పైకీ నెడుతుంది. వాలు 6 డిగ్రీలు, ఆర్మ్‌లో బలం 5,000 న్యూటన్లు అయితే పైకి నెట్టేది 500 న్యూటన్ల పైమాటే. అంటే టైరుకు బరువు అత్యవసరమైన తొలి క్షణంలోనే 50 కిలోలు తీసేసినట్టు! సుద్దను లాగాల్సింది పోయి తోసినట్టయింది. కోసిన స్ప్రింగులతో బండి బంప్ స్టాప్ మీద, అంటే ఇరుసు బాడీకి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ మీద వాలితే ఎగిరే చక్రానికి పైన చోటు కూడా ఉండదు.

కాబట్టి షాక్‌లకు డబ్బు పెట్టే ముందు కోణం సరిచేయండి. ఇరుసు దగ్గర ఆర్మ్ బిగించే చోటును కిందికి దించే బ్రాకెట్ వేయించవచ్చు, లేదా బండిని ఒక అంగుళం మళ్లీ లేపవచ్చు. తర్వాత బుష్‌లు: పాలీయూరితేన్‌వి తక్కువ నలుగుతాయి. అయితే రెండు కొసలా మరీ గట్టివి వేస్తే, ఒక చక్రం గుంతలో పడినప్పుడు ఆర్మ్ మెలితిరగలేక బిగుసుకుంటుంది. ఆ తర్వాతే, దించిన ఎత్తుకు సరిపోయే పొడవున్న షాక్‌లు. చక్రాలు విడివిడిగా కదిలే కార్లలో మరో ఉపాయం ఉంది. 2009 మోడల్ కాడిలాక్ సీటీఎస్-వీలో ఎడమ, కుడి ఇరుసు కడ్డీలను వేర్వేరు మందాలతో చేశారు, రెండూ ఒకే లయలో మెలితిరగకుండా.

ఆర్మ్ వాలు కొలిచేటప్పుడు జాకీ ఎక్కించవద్దు. చదునైన నేల మీద, టైర్ల మీదే నిలబెట్టి, డ్రైవర్ సీటులో మనిషిని కూర్చోబెట్టి, ఆర్మ్ రెండు కొసల బోల్టు నడిమధ్య నుంచి నేలకు ఎంతుందో టేపుతో చూడండి. బ్రాకెట్ వేశాక మళ్లీ కొలిచి, ఇంజిన్ తిప్పుడును వెనుక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు జాయింట్ల కోణాలు సరిపోయాయో లేదో కూడా చూడమనండి. అవి తేడాగా ఉంటే గెంతు పోయి వణుకు మొదలవుతుంది.