గదిలో, రైలులో, చెరకు తోటలో

ఒక మనిషి ఆపదలో ఉన్నప్పుడు చుట్టూ పదిమంది ఉంటే సాయం త్వరగా అందుతుందా, ఆలస్యమవుతుందా? ఈ ప్రశ్నకు ప్రయోగంతో జవాబు రాబట్టాలని 1960ల చివరలో న్యూయార్క్‌లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లటానే పూనుకున్నారు. విద్యార్థులను ఒక్కొక్కరినీ ఒక్కో చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు, మైకు ఇచ్చి, కాలేజీ జీవితంలోని ఇబ్బందుల గురించి మిగతావారితో వంతులవారీగా మాట్లాడమన్నారు. నిజానికి వారికి వినబడిన గొంతులన్నీ ముందే రికార్డు చేసినవి. తనకు మూర్ఛ వస్తుంటుందని మొదటి వంతులో చెప్పిన గొంతు, మళ్లీ తన వంతు వచ్చేసరికి తడబడుతుంది. ఊపిరాడక, కాపాడమని వేడుకుంటూ ఆగిపోతుంది.

ఆ మాటలు వింటున్నది తానొక్కరే అనుకున్నవారిలో 85 శాతం మంది, ఆ గొంతు ఆగిపోయేలోపే లేచి బయటికి వచ్చారు. మరో నలుగురు కూడా వింటున్నారని నమ్మినవారిలో అలా వచ్చినవారు 31 శాతమే. రానివారిని రాతిగుండె మనుషులనుకుంటే పొరపాటు. పరిశోధకులు లోపలికి వెళ్లేసరికి వారిలో చాలామందికి చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమటతో తడిశాయి. ‘అతనికి ఏమీ కాలేదు కదా?’ అని వాళ్లే ఆత్రంగా అడిగారు.

ప్రయోగశాల ప్రయోగానికి ఉన్న బలమంతా ఇక్కడే ఉంది. గది ఒకటే, గొంతు ఒకటే, మారినది వింటున్నవారి సంఖ్య మాత్రమే. ఎవరు ఏ జట్టులో పడాలన్నది చీటీ తీసినంత యాదృచ్ఛికంగా తేల్చారు కాబట్టి, ఫలితంలో కనబడిన తేడాకు ఆ సంఖ్యే కారణమని ధైర్యంగా చెప్పవచ్చు. కానీ ఎదుటి మనిషి కనబడని ఆ గది మన వీధిలాంటిది కాదు.

1968లో ఇర్వింగ్ పిలియావిన్ బృందం ఇదే ప్రశ్నను న్యూయార్క్ సబ్‌వే రైలులోకి తీసుకెళ్లింది. ఏడున్నర నిమిషాల పాటు ఎక్కడా ఆగని మార్గంలో, రైలు కదిలిన కాసేపటికి బృందంలోని ఒక యువకుడు తూలిపడి, కప్పు వైపు చూస్తూ అలాగే ఉండిపోతాడు. కొన్నిసార్లు అతని చేతిలో ఊతకర్ర ఉంటుంది, కొన్నిసార్లు అతని దగ్గర మద్యం వాసన వస్తుంది. ఊతకర్రతో పడినప్పుడు 65 సార్లలో 62 సార్లు, తాగినవాడిలా పడినప్పుడు 38 సార్లలో 19 సార్లు ప్రయాణికులు తమంతట తామే లేచి సాయపడ్డారు. పెట్టెలో జనం ఎక్కువగా ఉన్నంతమాత్రాన సాయం తగ్గలేదు! పడిపోయిన మనిషి కళ్లెదుటే ఉన్నప్పుడు, తప్పుకొనే దారి లేనప్పుడు, గదిలో తేలిన సూత్రం అలాగే వర్తించలేదు.

అయితే ఆ రెండు అంకెలు, 65, 38, ఎందుకు సమానంగా లేవు? తాగినవాడిగా నటించడం ఇష్టంలేక ఊతకర్ర వేషమే ఎక్కువసార్లు వేసినవారున్నారు. ఈలోగా, ఈ వేషాలు వేస్తున్న విద్యార్థులు చదివే కొలంబియా విశ్వవిద్యాలయంలో సమ్మె వచ్చి వారి జట్లు చెదిరిపోయాయి. క్షేత్ర ప్రయోగంలో సహజత్వం దక్కుతుంది, పట్టు సడలుతుంది. పైగా ఆ ప్రయాణికులెవరూ తమపై ప్రయోగానికి ఒప్పుకున్నవారు కారు. ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసుకోకూడదని నా అభిప్రాయం.

కొన్ని ప్రశ్నలకు ఈ రెండు దారులూ మూసుకుపోతాయి. పేదరికపు బెంగ ఆలోచనాశక్తిని తగ్గిస్తుందా అని తెలుసుకోవడానికి ఎవరినీ చీటీ తీసి పేదవారిని చేయలేం. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో 2013లో ప్రచురించిన పరిశోధన అందుకే తమిళనాడు చెరకు రైతులను ఆశ్రయించింది. చెరకు రైతుకు డబ్బు ప్రధానంగా ఏడాదికోసారి, కోత అయ్యాకే చేతికొస్తుంది. అంటే అదే మనిషి కోతకు ముందు ఇబ్బందిలో, తర్వాత కాస్త వెసులుబాటులో ఉంటాడు. 464 మంది రైతులకు, ఆకారాల వరుసలో ఖాళీని పూరించే పరీక్షతో పాటు మరొకటి పెట్టారు: ‘5 5 5’ అని చూపిస్తే ‘ఐదు’ అనకుండా, ఎన్ని అంకెలున్నాయో లెక్కించి వెంటనే ‘మూడు’ అనాలి. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడమే ఇందులోని కష్టం. కోత తర్వాత ఆ రైతులే రెండు పరీక్షల్లోనూ మెరుగ్గా రాణించారు.

చీటీ తీయకుండా, పరిస్థితులే తెచ్చిన తేడాను కొలిచే ఇలాంటి అర్ధ ప్రయోగంలో అనుమానాలు ఎన్నో పుడతాయి. ఋతువు మారినందువల్ల కావచ్చు కదా? చక్కెర ఫ్యాక్టరీలు అందరి చెరకునూ ఒకేసారి తీసుకోలేక కోతను నెలల తరబడి వంతులవారీగా సాగిస్తాయి కాబట్టి, ఒకే సమయంలో కోత అయినవారూ కానివారూ దొరికారు. ఆ అనుమానం చాలావరకు తీరింది. రెండోసారి రాస్తున్నందువల్ల అలవాటై ఉండవచ్చు కదా? కొందరు రైతులకు కోత తర్వాతే మొదటిసారి పరీక్ష పెట్టి చూశారు; వారూ మిగతావారిలాగే రాశారు.

2016లో అమెరికాలో జీతం రోజుకు ముందు, తర్వాత ఇలాంటి పరీక్షలే పెట్టిన మరో బృందానికి తేడా కనబడలేదు. ఇది చెరకు రైతుల ఫలితాన్ని కొట్టివేస్తుందని నేననుకోను. కొద్ది రోజుల్లో జీతం వస్తుందని తెలిసిన మనిషి ఎదురుచూపు వేరు, నెలల తరబడి అప్పుల మధ్య చేలో నిలబడి ఉన్న పంటవైపు చూసే రైతు ఎదురుచూపు వేరు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచే ప్రయోగమే ఇప్పుడు కావాలి.